మేడగది

నిన్ననే అడ్వాన్సు ఇచ్చి వెళ్ళారు బాబూ, అన్నాను.
టూలెట్ బోర్డు నా వెనకే, గేటుకి,
ఇనప తీగతో కట్టి ఉంది.
అతను దాన్ని చూశాడు. అతను చూడటం నేనూ చూశాను.
థాంక్యూ మమ్మీ, అన్నాడు.
స్తంభాలగరువు మూడో లైన్లో మిట్టమధ్యాహ్నం
అతని చొక్కా వీపున చెమట
నాకు తెలియని దేశపటం ఒకటి గీసింది.
మలావి అట. ఫార్మసీ చదువట.
పేరు లింబానీ.

నాకేం లేదు, నిజానికి.
పక్క వాటా ఫిలోమినా టీచరే అంది,
పిల్లలు జడుసుకుంటారు ఆంటీ అని,
నీళ్ళ ట్యాంకు అందరికీ ఒకటే గదా అని.
నాకేం లేదు అంటూనే
మెట్లెక్కి వెళ్ళి
పైగది తాళం ఒకసారి లాగి చూసుకొచ్చాను.

ఎనభై రెండులో, బ్రాడీపేట.
మిషను ఆస్పత్రిలో నర్సు ఉద్యోగం కొత్త, కాపురం కొత్త.
మా ఆయన ఇశ్రాయేలు
అరుగు కింద నిలబడి పేరు ఈశ్వరరావు అని చెప్పాడు.
మీరేవుట్లు అనలేదు ఇంటావిడ, మర్యాదస్తురాలు.
నా నుదుట బొట్టు కోసం వెతికింది.
నిన్ననే ఇచ్చేశామమ్మా, అంది.
మంచినీళ్ళడిగితే చెంబెత్తి పోసింది.
దోసిలి పట్టాను.
వేళ్ళ సందుల్లోంచి కారి
పెళ్ళిచీర కుచ్చిళ్ళు తడిశాయి.

ఆ తడి నలభై ఏళ్ళుగా ఆరలేదని
స్త్రీల కూటంలో సాక్ష్యం చెప్పినప్పుడల్లా చెప్పాను.
ఆమెన్ అన్నారు. కొందరు ఏడ్చారు కూడా.
ఇప్పుడు చూసుకుంటే
ఆవిడ మాటే, అక్షరం పొల్లుపోకుండా
నా నోట్లో పళ్ళసెట్టులా అమిరింది.

ఆదివారం గుడికొచ్చాడు.
నా బల్ల మీదే చోటుంది.
సంచి పక్కకి తీద్దామనే అనుకున్నాను,
అనుకునేలోపే బల్ల చివర
సగం గాల్లో కూచున్నాడు.
కీర్తనలో మాటలు రావు అతనికి, రాగం వచ్చు.
ఆ గొంతు అడుగునుంచి పట్టుకుంటే
మా ముసలి గొంతులన్నీ ఒక మెట్టు పైకి లేచాయి.

అయ్యగారు ఆ కడరాత్రి సంగతి చెబుతున్నారు.
ప్రభువుకి పండగ భోజనానికి ఒక గది కావాలి.
ఎవరో ఇంటాయన మేడమీదకి తీసుకెళ్ళి చూపించాడు.
ఎవరు, ఎందరు, ఏ ఊరివాళ్ళు, ఏం తింటారు,
ఒక్కటీ అడిగినట్టు లేదు.
అంత ఇల్లున్నవాడి పేరు ఈనాటికీ ఎవరికీ తెలీదు.
మా గేటుకి పాలరాతి పలక ఉంది:
కృపా నిలయం.

మోకరించాం. మా గుడిలో ఇప్పటికీ ఒకటే గిన్నె.
మా నాయనమ్మ కాలంలో పెద్దింటివాళ్ళు తాగాకే మావాళ్ళు.
అది కూడా సాక్ష్యంలో చెబుతుంటాను.
అతని పెదవి ఆనిన చోటు
అయ్యగారు తెల్లగుడ్డతో తుడిచి, తిప్పి, నాకందించారు.
సరిగ్గా తుడిచారా అని నా కన్ను చూసింది.
నేను కాదు, కన్ను.
అంతకుముందే పెట్టిన రొట్టె ఇంకా నాలుక మీదే ఉంది,
అబద్ధమాడిన నాలుక, కరగనివ్వడం లేదు.
ఒక నోట్లో రెండూ పట్టవేమో.
ఒకటి మింగాలంటే ఒకటి ఉమ్మాలి.
ఏది ఉమ్మాలో తెలుసు.
అరవై ఏడేళ్ళొచ్చాయి, ఎలా ఉమ్మాలో తెలీలా.

గుడి మెట్ల దగ్గర పిలిచాను.
బాబూ, ఆ గది...
ఇంగ్లీషు మందుల పేర్లన్నీ నోటికొచ్చు నాకు,
క్షమించమనే మాట ఏ భాషలోనూ రాలేదు.
దొరికింది మమ్మీ, నల్లపాడులో, ముగ్గురం, అన్నాడు.
నా సంచి అందుకుని
ఆటో దాకా మోసుకొచ్చాడు.

ఇంటికొచ్చి బోర్డు విప్పబోతే
తుప్పు తీగ వేలు కోసింది.
కిటికీలోంచి ఫిలోమినా:
గదికి ఎవరన్నా వచ్చారా ఆంటీ?
వచ్చారన్నాను.
అయ్యో, ఎప్పుడు?
నిన్ననే అనబోయి
నాలుక కరుచుకున్నాను.